బల్లాల (చంద్రపూర్ గోండు రాజులు, ఇతర ప్రసిద్ధులు)

బల్లాల అన్నది మధ్యయుగ భారతదేశంలో పలు రాజవంశాల్లో వినిపించే పేరు. మహారాష్ట్రలోని చంద్రపూర్‌ను ఏలిన గోండు రాజుల్లో ఈ పేరు తరతరాలుగా నడిచింది. కాజీపేట మీదుగా ఉత్తరాదికి రైల్లో వెళ్ళే తెలుగువారందరికీ తెలిసిన బల్లార్షా స్టేషన్ పేరులో ఉన్నది ఈ వంశపు రాజే.

చాందా (నేటి చంద్రపూర్) గోండు రాజుల వంశక్రమం చాలావరకు జనశ్రుతి ఆధారంగా నిలిచింది. దాన్ని మేజర్ లూసీ స్మిత్ 1869 నాటి భూమిశిస్తు నివేదికలో నమోదు చేశాడు. భీమ్ బల్లాల్ సింగ్, ఖర్జా బల్లాల్ సింగ్, సూర్జా బల్లాల్ సింగ్, ఖాండ్క్యా బల్లాల్ షా, బాబాజీ బల్లాల్ షా అందులో కనిపిస్తారు. పేరుకు ముందున్న మాటే ఒకరి నుంచి ఒకరిని వేరు చేస్తుంది. తొలి బల్లాలుడైన భీమ్ రాజధాని సిర్పూర్. అది నేటి తెలంగాణలో కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. మాణిక్‌గఢ్ అతని కొండకోట.

'సింగ్' పోయి 'షా' వచ్చింది సూర్జా కాలంలో. అతడు ఢిల్లీ సుల్తాను పక్షాన ఒక కోటను గెలిచి, బహుమానంగా షేర్ షా అనే బిరుదు పొందాడని కథ. వారసులకు అదే స్థిరపడింది.

వీరందరిలో జనం మరువని రాజు సూర్జా కొడుకు ఖాండ్క్యా బల్లాల్ షా. 15వ శతాబ్దికి చెందినవాడని సంప్రదాయం. ఒంటినిండా గడ్డలతో బాధపడుతున్న రాజును రాణి సిర్పూర్ నుంచి వార్ధా నది తూర్పు ఒడ్డుకు మారమంది. అక్కడ కట్టిన కోటే బల్లార్‌పూర్. ఒకనాడు వేటలో దాహమేసి ఝర్పట్ వాగులోని నీటిగుంటలో నీళ్ళు తాగి, ముఖం కడుక్కుంటే రోగం నయమైందట. అక్కడ అచలేశ్వరుని గుడి వెలిసింది. ఆ దగ్గరలోనే ఒక కుందేలు వేటకుక్కను తరమడం చూసి, ఆ జాడవెంట నగరప్రాకారం కట్టమని రాణి చెప్పిందని, అదే చాందా పుట్టుక అని స్థానిక గాథ. ఇది గాథే అయినా రాజధానిని సిర్పూర్ నుంచి బల్లార్‌పూర్‌కు, అక్కడి నుంచి చాందాకు తెచ్చిన మజిలీలన్నీ అందులో భద్రంగా ఉన్నాయి. రెండుచోట్లా రాణి మాటే నడిపించిందని చెప్పుకోవడం కూడా గమనించదగ్గది.

బాబాజీ దగ్గరికి వచ్చేసరికి గాథకు లిఖిత సాక్ష్యం తోడవుతుంది. అక్బరు కాలపు 'ఐన్-ఇ-అక్బరీ' అతన్ని వెయ్యిమంది ఆశ్వికులు, 40,000 కాల్బలం ఉన్న గోండు రాజుగా పేర్కొంది. 1751లో నాగపూర్ రఘూజీ భోంస్లే చాందాను పూర్తిగా వశం చేసుకుని, చివరి రాజు నీలకంఠ షాను బల్లార్‌పూర్ కోటలోనే బంధించాడు. ఆ ఊరి స్టేషనే బల్లార్షా. కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తయి, ఢిల్లీ–మద్రాసు నేరుగా కలిశాయి.

దక్షిణాదిన హొయసలుల్లో ముగ్గురు వీర బల్లాలులున్నారు. రెండవవాడు (1173–1220) చాళుక్యుల నీడ నుంచి బయటపడి స్వతంత్ర రాజయ్యాడు. మూడవవాడు 1311లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ దాడిని చవిచూసి, తర్వాత మదురై సుల్తానుతో పోరాడుతూ 1340ల తొలినాళ్ళలో ప్రాణాలు విడిచాడు. బెంగాల్‌లో 12వ శతాబ్దిలో సేన వంశపు బల్లాల సేనుడు 'దానసాగరం' రచించాడు. 'భోజప్రబంధం' కర్త పేరూ బల్లాలుడే, ఆయన 16వ శతాబ్దివాడు. మరాఠాల్లో బాలాజీకి బల్లాళ్ అనే రూపముంది. బాలాజీ విశ్వనాథ్ కొడుకైనందువల్ల మొదటి బాజీరావు పేష్వా (1700–1740) బాజీరావు బల్లాళ్.

పేరు కలిసింది గనుక వీరంతా ఒకే వంశం వారనుకోవడం సరికాదు. గోండు బల్లాలులను హొయసలుల శాఖగా చూడడానికి పేరొక్కటే చాలదు. 'బాహుబలి' చిత్రంలోని భల్లాలదేవుడు కల్పిత పాత్ర, ఈ రాజులెవరితోనూ సంబంధం లేదు.