ఆప్టికల్ కొహెరెన్స్ టోమోగ్రఫీ

ఆప్టికల్ కొహెరెన్స్ టోమోగ్రఫీ (ఓసీటీ) అనగా కంటిలోని రెటీనా పొరల అడ్డుకోత చిత్రాలను కాంతి సహాయంతో తీసే వైద్య పరీక్షా విధానము. డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో, ఎరిక్ స్వాన్సన్ తదితరులు దీనిని 1991లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఈ ముగ్గురికి 2023లో లాస్కర్ పురస్కారం లభించింది.

పనిచేయు విధానము

అల్ట్రాసౌండ్‌లో ప్రతిధ్వని తిరిగివచ్చే కాలాన్ని కొలుస్తారు. కాంతి వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు కావున ఇక్కడ అది సాధ్యం కాదు. అందువలన తక్కువ సంబద్ధత గల పరారుణ కాంతిని రెండుగా చీల్చి, ఒక భాగాన్ని కంటిలోకి, రెండవ దానిని అద్దం మీదికి పంపుతారు. తిరిగివచ్చిన కిరణాల వ్యతికరణము నుండి లోతును లెక్కిస్తారు. కొన్ని మైక్రోమీటర్ల తేడా కూడా తెలుస్తుంది.

ప్రయోజనము

గ్లాకోమా వలన పోయిన చూపు తిరిగి రాదు. నాడీతంతువుల పొర పలుచబడటాన్ని ఓసీటీ ముందుగానే చూపగలదు కనుక, సకాలంలో చికిత్స ఆరంభించి మిగిలిన చూపును కాపాడుటకు వీలగును.