మైగ్రేన్‌లో న్యూరోపెప్టైడుల పాత్ర

నాడీకణాలు తమలో తయారుచేసుకొని, ఉద్దీపన కలిగినప్పుడు వెలుపలికి విడుదల చేసే చిన్న ప్రోటీను శకలాలను న్యూరోపెప్టైడులు అంటారు. మైగ్రేన్, అనగా పార్శ్వపు తలనొప్పి, వచ్చినప్పుడు నొప్పి సంకేతాలను మెదడుకు చేరవేసే త్రిధార నాడిలో ఇవి విరివిగా ఉంటాయి. వీటిలో ముఖ్యమైనవి సబ్‌స్టెన్స్ పి, కాల్సిటోనిన్ జన్యు సంబంధిత పెప్టైడు (క్లుప్తంగా సీజీఆర్‌పీ), పాకాప్. వీటి పాత్ర చాలావరకు జంతువులపై జరిపిన ప్రయోగాల ద్వారానే తెలిసింది. అయితే అవే ప్రయోగాలు ఒక దశలో పరిశోధకులను తప్పుదారి కూడా పట్టించాయి.

త్రిధార నాడి, రక్తనాళాలు

మెదడు కణజాలానికి స్వతహాగా నొప్పి తెలియదు. మెదడును కప్పి ఉంచే డ్యూరా అనే గట్టి పొరకు, అందులోని రక్తనాళాలకు తెలుస్తుంది. త్రిధార నాడి తంతువులు ఈ రక్తనాళాలను అల్లుకొని ఉంటాయి. తంతువులు ఉద్దీపన చెందినప్పుడు వాటి కొనల నుండి పెప్టైడులు విడుదలవుతాయి. సీజీఆర్‌పీ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. సబ్‌స్టెన్స్ పి రక్తనాళాల గోడల గుండా ప్లాస్మా బయటకు ఊరేటట్లు చేస్తుంది.

సబ్‌స్టెన్స్ పి: ఫలించని ఆశ

సబ్‌స్టెన్స్ పిని 1931లో ఫాన్ ఆయిలర్, గాడమ్ కనుగొన్నారు. ఇందులో 11 అమైనో ఆమ్లాలు ఉంటాయి. జంతువు తనకు తల నొప్పిగా ఉన్నదని చెప్పలేదు. కనుక నొప్పికి బదులుగా కొలవదగిన మరొక గుర్తు కావలసివచ్చింది. 1980లలో మైకేల్ మాస్కోవిట్జ్ బృందం ఎలుకల త్రిధార నాడిని విద్యుత్తుతో ఉద్దీపింపజేసి, డ్యూరాలోకి ఊరిన ప్లాస్మాను కొలిచింది. మైగ్రేన్‌కు వాడే ఎర్గాట్ మందులు, సుమట్రిప్టాన్ ఈ ఊటను ఆపాయి. అందువలన ఊటను ఆపే మందు ఏదైనా మైగ్రేన్‌ను తగ్గిస్తుందని భావించారు.

సబ్‌స్టెన్స్ పి గ్రాహకాన్ని మూసివేసే మందులు జంతువులలో ఊటను చక్కగా ఆపాయి. 1990లలో మనుషులపై పరీక్షించినప్పుడు మాత్రం అవి మైగ్రేన్‌ను తగ్గించలేకపోయాయి. సుమట్రిప్టాన్ ఊటతోపాటు సీజీఆర్‌పీ విడుదలను కూడా తగ్గిస్తుంది. ఊటనే కొలిచే ప్రయోగంలో ఈ తేడా బయటపడే అవకాశం లేదు.

సీజీఆర్‌పీ

37 అమైనో ఆమ్లాలు గల ఈ పెప్టైడు 1980ల ఆరంభంలో, కాల్సిటోనిన్ జన్యువుపై పరిశోధిస్తుండగా బయటపడింది. 1988లో పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్సన్ తదితరులు పిల్లులలో త్రిధార నాడీకణాల ముడిని ఉద్దీపింపజేసినప్పుడు, అలాగే ముఖపు నొప్పికి అదే ముడిపై చికిత్స పొందుతున్న మనుషులలోను, రక్తంలో సీజీఆర్‌పీ, సబ్‌స్టెన్స్ పి రెండూ పెరిగినట్లు చూపారు. 1990లో మైగ్రేన్ వచ్చిన రోగుల కంఠసిర రక్తాన్ని పరీక్షించగా సీజీఆర్‌పీ మాత్రమే పెరిగి కనిపించింది. పిల్లి చూపలేని తేడాను రోగి రక్తం చూపినదన్నమాట. 2005లో డెన్మార్క్ పరిశోధకులకు ఈ పెరుగుదల కనబడలేదు. అయినా, 2002లో సీజీఆర్‌పీని రక్తంలోకి ఎక్కించినప్పుడు మైగ్రేన్ రోగులలో తలనొప్పి రావడం దాని పాత్రను బలపరచింది.

ఎలుకకు, మనిషికి గల తేడా

సీజీఆర్‌పీ గ్రాహకాన్ని అడ్డుకొనే తొలి మందు ఓల్సెజిపాంట్ మనిషి గ్రాహకానికి ఎలుక గ్రాహకం కంటే వంద రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. గ్రాహకంలో భాగమైన ర్యాంప్1 ప్రోటీనులో 74వ అమైనో ఆమ్లం మనిషిలో ట్రిప్టోఫాన్, ఎలుకలో లైసిన్ కావడమే ఇందుకు కారణమని 2002లో తేలింది. ఎలుకల మీదనే ఆధారపడి ఉంటే ఈ మందు బలహీనమైనదిగా కనిపించేది. మనిషికి దగ్గరైన మార్మోసెట్ కోతులలో అది ముఖానికి పెరిగిన రక్తప్రవాహాన్ని తగ్గించింది. 2004లో ప్రచురితమైన పరీక్షలో 2.5 మిల్లీగ్రాముల మోతాదు పొందినవారిలో 66 శాతానికి, ప్లసీబో అనే ఉత్తుత్తి మందు పొందినవారిలో 27 శాతానికి రెండు గంటలలో ఉపశమనం కలిగింది.

మనిషి ర్యాంప్1 జన్యువును నాడీమండలంలో చేర్చిన చుంచెలుకలను ఆండ్రూ రస్సో బృందం తయారుచేసింది. మెదడులోకి సీజీఆర్‌పీ ఎక్కించినప్పుడు అవి వెలుతురు గదిని విడిచి చీకటి గదిలోనే ఎక్కువసేపు గడిపినట్లు 2009లో ప్రకటించారు. రోగి కిటికీలు మూసి పడుకోవడానికి ఇది దగ్గరగా ఉన్నందువలన ప్లాస్మా ఊట కంటే మెరుగైన నమూనా అని చెప్పవచ్చు. వెలుతురును తప్పించుకోవడం తలనొప్పితో సమానమని మాత్రం అనలేము.

చికిత్స

సీజీఆర్‌పీ గ్రాహకాన్ని మూసివేసే యాంటీబాడీ ఎరెనుమాబ్‌కు 2018లో అమెరికాలో అనుమతి లభించింది. నోటిద్వారా తీసుకొనే యుబ్రోజిపాంట్‌కు 2019లో, రిమెజిపాంట్‌కు 2020లో అనుమతి వచ్చింది. మాస్కోవిట్జ్, ఎడ్విన్సన్, గోడ్స్‌బీ, జెస్ ఓలెసన్‌లకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ బహూకరించారు. ఈ మందులు అందరికీ పనిచేయవు.

పాకాప్

పాకాప్‌ను 1989లో గొర్రె మెదడులోని హైపోథాలమస్ నుండి వేరుచేశారు. దీనిని ఎక్కించినప్పుడు కూడా రోగులకు మైగ్రేన్ వస్తుందని 2009లో తెలిసింది. చుంచెలుకలలో సీజీఆర్‌పీ మార్గాన్ని అడ్డుకున్నా పాకాప్ ప్రభావం ఆగలేదు. కనుక సీజీఆర్‌పీ మందులతో ఉపశమనం పొందనివారికి ఇది వేరొక దారి కావచ్చును. పాకాప్ గ్రాహకాలలో ఒకదానిని మూసివేసే యాంటీబాడీ మనుషులలో విఫలమైంది. పెప్టైడునే పట్టుకొనే మరొక యాంటీబాడీ 2024లో ప్రచురితమైన పరీక్షలో నెలకు మైగ్రేన్ రోజులను సగటున 6.2 తగ్గించింది, ప్లసీబోతో ఆ తగ్గుదల 4.2 రోజులు.