ఘంటసాలవారి భగవద్గీత

నేటి నా ప్రసంగవిషయము ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పాడిన భగవద్గీత. ఇది వేదాంతోపన్యాసము కాదు. ఒక గాయకుని కడపటి కృతికి లోకమున పట్టిన గతిని తెలుపు చరిత్ర మాత్రమే. గవర్నర్‌పేటలో కాపురముండి, చిరకాలము బాలురకు తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి గొన్న నావంటి యుపాధ్యాయునకు గ్రామఫోను పలకతో నేమి పనియని మీరడుగవచ్చును. ఆ పని యేమో చివర విన్నవించెదను.

ఘంటసాలవారు 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీని కృష్ణామండలమున గుడివాడ ప్రాంతమందలి చౌటపల్లిలో జన్మించిరి. వారి తండ్రిగారు తరంగములు పాడెడివారు, మృదంగము వాయించెడివారు. కుమారుని వెంటబెట్టుకొని భజనగోష్ఠులకు పోవుచుండగా, ఆ బాలుడు తరంగములకు చిందులు వేసి పెద్దల మెప్పు గొనెడివాడు. తండ్రి పరమపదించునాటికి పిల్లవాని కింకను పదునొకటి, పండ్రెండేండ్ల ప్రాయము. పిదప నతడు విజయనగరము చేరి, మధూకరమెత్తి కడుపు నింపుకొనుచు, పట్రాయని సీతారామశాస్త్రిగారి యనుగ్రహమున సంగీతము నభ్యసించెను. 1942లో దేశోద్యమమున పాల్గొని చెఱసాల కేగెను. తరువాత సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహమున మదరాసు చేరగా, 1945లో వచ్చిన స్వర్గసీమ చిత్రమున నాతని కంఠము తెలుగువారి చెవిని పడెను.

ఆ కంఠము విలువ తెలియవలెనన్న మన డెల్టాలోని పద్యనాటకముల మాట కొంత చెప్పవలెను. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు ప్రదర్శింపబడని గ్రామమీ కృష్ణాతీరమున లేదనిన నతిశయోక్తి కాదు. ఏటియొడ్డున పందిరి వేసి, తెల్లవాఱువఱకు జనులు పద్యములు వినెడివారు. నటుడు పద్యము నెత్తుకొని, చివరి పాదమున రాగము తీసి తీసి, ఊపిరి చాలినంతవఱకు సాగించెడివాడు. జనులు "వన్స్‌మోర్" అని కేకలు వేయగా, మృతుడై పడినవాడు సైతము లేచి మరల పాడెడివాడని పెద్దలు పరిహాసమాడెడివారు. అందు విద్వత్తు లేదని యనను. కాని రాగము పెరిగినకొలది నర్థము మఱుగుపడుచు వచ్చెను. కవి వ్రాసిన మాటకంటె నటుని గొంతు పెద్దదాయెను.

ఘంటసాలవారు పద్యమును పాడుటలో నీ వరుసను మార్చిరి. చలనచిత్రమున నిడివి తక్కువ కదా! ఆ యిరుకునే యాయన గుణముగా మలచుకొనిరి. పదము విఱుగవలసినచోట విఱిచి, భావము నిలువవలసినచోట నిలిపి, రాగమును పద్యమునకు పరిచారికగా నుంచిరి. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపమును ఆయన గ్రామఫోను పలకపై పాడిన తరువాత, అక్షరజ్ఞానము లేని కూలివాడును ఆ పద్యములను నోటికి నేర్చెను. 1957 నాటి మాయాబజారు, 1963 నాటి లవకుశ మొదలగు చిత్రములలోని గానమును గూర్చి తెలుగు శ్రోతలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 1970లో ప్రభుత్వమువారు పద్మశ్రీ బిరుద మిచ్చిరి. 1971లో ఆయన ఐరోపా, అమెరికా దేశములకు పోయి యచటి తెలుగువారికి గానము వినిపించిరి.

అయినను ఒక మాట గమనింపుడు. ఇన్ని సంవత్సరములు ఆయన పాడినదానిలో నెక్కువ భాగము పరుల పెదవులకొఱకు పాడినదే. రామారావుగారికి పాడునపుడొక తీరు, నాగేశ్వరరావుగారికి పాడునపు డింకొక తీరు. ప్రేక్షకుడు తెరపై నటుని జూచును, గాయకుని జూడడు. భగవద్గీతలో నీ యేర్పాటంతయు తొలగిపోయినది. అందు నటుడు లేడు, నాయిక లేదు, కథయందలి ఘట్టము లేదు. ఏరిన కొన్ని శ్లోకములు, ఒక్కొక్కదాని వెనుక తెనుగున తాత్పర్యము, రెండును ఆ యొక్క కంఠముననే. శ్లోకము వెంబడి శ్లోకమునకు రాగము మాఱుచుండును గాని, ఏ రాగమును తన్ను చూపుకొనుటకై నిలువదు. శ్లోకము ముగిసినంతనే గాయకుడు పాట విడిచి, ఇంటి పెద్దవలె మెల్లగా నర్థము చెప్పును. పురాణకాలక్షేపమున మన పూర్వులు చేసిన దిదియే కదా! ముప్పదియేండ్లు సినిమాలకు పాడిన యాయన, తుదకు తండ్రి చేయిపట్టి తిరిగిన గోష్ఠులకే మరలి వచ్చినట్లు నాకు తోచును.

1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుచుండగా ఆయనకు గుండెనొప్పి వచ్చెను. దేహము శిథిలమగుచుండ గీతను పూర్తిచేసిరి. 1974వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీని మదరాసులో కన్ను మూసిరి. హెచ్.ఎమ్.వి. వారు ఆ పలకలను వెలువరించునాటికి గాయకుడు లేడు.

అప్పటికి నాకు పదునాలుగేండ్లు. గురువుగారి యొద్ద రఘువంశము చదువుకొనుచుంటిని. వారు సినిమాపాట వినరాదని శాసించినవారు. "సినిమాపాటగాడు గీత పాడుట యేమిటిరా!" అని యొకనాడు ముఖము చిట్లించుకొనిరి. ఒక సాయంకాలము నేను వారి సంచి మోసికొనుచు వెంట నడచుచుండగా, బీసెంటు రోడ్డులో నొక యంగడినుండి ఆ గానము వినవచ్చెను. గురువుగారు నిలిచిరి. తప్పు పట్టుటకే నిలిచిరని నేనెఱుగుదును. మహాప్రాణములను, విసర్గలను, సమాసముల విఱుపులను వేలు మడచి లెక్కించుచున్నట్లు వినిరి. పలక యొకవైపు ముగియువఱకు కదలలేదు. పిదప నడక సాగించి, ఇల్లు చేరబోవునపుడు, "ఆ వాయిద్యముల సందడి కొంత తగ్గవలసినది. కాని, ఒరే, ఆయన శ్లోకమునకు అడ్డము రాలేదురా!" అనిరి. ఆ గానమును గూర్చి నేటివఱకు నేను వినిన విమర్శలలో నంతకంటె గొప్పది లేదు.

ఇక చరిత్రలోని విపరీతము చెప్పెదను. పలకలు పోయి కాసెట్లు వచ్చినవి. కాసెట్టు చౌక, ఎచ్చటికైన మోసికొని పోదగినది. ఎవరింటనో మరణము సంభవించినపుడు, ఆత్మ నాశరహితమను ద్వితీయాధ్యాయపు మాటలు దుఃఖితులకు నూఱట యగునని యెవరో మైకు పెట్టించిరి. అది యుచితమే. పక్కవారును చూచి పెట్టించిరి. శవవాహనముపైనను పెట్టించిరి. పాడినవాడు గతించిన పిమ్మట లోకమునకు వినిపించిన కంఠమగుటయు నీ యలవాటునకు దోహద మొనర్చియుండునని నా యూహ. క్రమముగా నా గానము వినబడినంతనే "ఎవరు పోయినారు?" అని యడుగుట మన వాడుక యయ్యెను.

ఇప్పుడు నా సంబంధము చెప్పెదను. ఉద్యోగము విరమించిన తరువాత నొక వేకువ, మనుమనికి శ్లోకము నేర్పవలెనని, ఆ గీతను ఇంట పెట్టితిని. వంటయింటినుండి నా భార్య పరుగున వచ్చి, "ఏమండీ, ఆపండి! పొద్దున్నే ఇరుగుపొరుగు పరిగెత్తుకొస్తారు!" అని ఆపివైచినది. ఆమె మాట నిజమే. నిమిషము గడువకమునుపే ఎదురింటివారు గుమ్మము కడకు వచ్చి నన్ను పైనుండి క్రిందివఱకు చూచిరి. నేను సజీవుడనై నిలుచుట చూచి వారు సిగ్గుపడిరి. నేను నవ్వితిని గాని, ఆ దినమెల్ల నాకు మనసు బాగుండలేదు. నాకు శ్లోకోచ్చారణమున రెండవ గురువైన కంఠము నా యింట వినరానిదాయెనుగదా!

ఆర్యులారా! గీతను మొదట వినినవాడు మృతుడు కాడు. విల్లు దిగవిడిచి, చేయవలసిన పని చేయలేక, రథముపై చతికిలబడిన సజీవుడు. ఆ యుపదేశము ముగిసినపు డతడు లేచి విల్లందుకొనెను. చనిపోయినవారికి మనము వినిపించుచున్నది, బ్రతికియుండి పనికి వెనుదీయువానికై పుట్టినది. ఊఱట కొఱకు వినిపించుట మానుమని నేను చెప్పను. దుఃఖితుల చెంత గీత యుండుట మంచిదే. అక్కడ మాత్రమే యుండుట కొఱత. పరీక్షకు పోవు పిల్లవాడును, అంగడి తెఱచు వర్తకుడును, నారు పోయు రైతును వినదగినది.

మా యింట నిపుడు ప్రతి యాదివారము ఉదయమున నది మ్రోగుచున్నది. మొదటి రెండు వారములు ఎదురింటివారు తొంగి చూచిరి. మూడవ వారము వారి పిల్లవాడు వచ్చి మా మనుమని ప్రక్కన కూర్చుండెను. ఇప్పుడు వారిరువురును విసర్గ సరిగా పలుకుచున్నారు.