వాటర్లూ: టేబుల్ మీద గెలవడం ఎందుకంత ఈజీ?

1815 జూన్ 18 నాటి వాటర్లూ యుద్ధాన్ని మేం నలుగురం ఫ్రెండ్స్ టేబుల్ మీద సైనికుల బొమ్మలతో మళ్లీ ఆడాం. నెపోలియన్ గెలిచేశాడు!

ఎలాగంటారా? సాయంత్రానికి ప్రష్యన్ సైన్యం కుడివైపు నుంచి వచ్చి పడుతుందని మా ఫ్రెంచ్ ప్లేయర్‌కి ముందే తెలుసు. అందుకే పొద్దున్నే దాడి మొదలెట్టాడు.

అసలు నెపోలియన్ ఏం చేశాడు? ముందు రాత్రంతా వాన, నేలంతా బురద. బురదలో ఫిరంగులు లాగడం కష్టం, గుండ్లు కూడా నేలకి తగిలి ఎగరకుండా కూరుకుపోతాయి. అందుకే నేల ఆరేదాకా ఆగి, దాదాపు 11:30కి మొదలుపెట్టాడు. ప్రష్యన్ల వెనక సుమారు 33 వేల మందితో గ్రూషీని పంపాడు కాబట్టి, వాళ్లు ఇటు రాలేరనుకున్నాడు. కానీ బ్లూషర్ వచ్చేశాడు.

ఈ తేడా ప్రష్యన్లకి బాగా తెలుసు. 1824లో రైస్విట్జ్ అనే ఆఫీసర్ క్రీగ్‌ష్పీల్ అనే మ్యాప్ గేమ్‌ని ప్రచురించాడు. అందులో అంపైర్ ఉంటాడు, నీ సైన్యానికి కనిపించేదే నీకు చూపిస్తాడు. దాన్ని మెచ్చుకుని సైన్యానికి సిఫార్సు చేసిన జనరల్ ముఫ్లింగ్ ఎవరో తెలుసా? వాటర్లూలో వెల్లింగ్టన్ దగ్గర ఉన్న ప్రష్యన్ ప్రతినిధి!

మేమూ రెండో ఆటకి అంపైర్‌ని పెట్టాం. కుడివైపు నుంచి వచ్చేది బ్లూషరా, గ్రూషీయా, అసలు ఎవరైనా వస్తారా అన్నది అంపైర్‌కే తెలుసు. ఈసారి అదే ఫ్రెంచ్ ప్లేయర్ ఏం చేశాడంటే, నేల ఆరేదాకా ఆగాడు.

కాబట్టి ఫ్రెండ్స్, చరిత్రలో ఎవరినైనా "ఇంత చిన్న విషయం తెలీలేదా" అనేముందు, ఆ పొద్దున ఆ మనిషికి ఏం తెలుసో చూడండి. ఉంటా మరి!