ఒరిజినల్ అంటే ఏది?

పాత మోటార్ సైకిళ్ల చరిత్ర అనగానే కంపెనీల చరిత్రే మన చేతికొస్తుంది. ఏ మోడల్ ఏ ఏడాది వచ్చింది, ఎన్ని సీసీ, ఎప్పుడు ఆగిపోయింది... అక్కడితో సరి. కానీ కంపెనీకి తాళం పడ్డాక కూడా బండి నడిచిందంటే, దాన్ని నడిపించినవాళ్లకీ ఒక చరిత్ర ఉండాలి కదా. దాన్ని వెతకాలంటే మ్యూజియం కన్నా సుల్తానాబాద్ లాంటి ఊరు నయం.

కరీంనగర్ నుంచి పెద్దపల్లి, రామగుండం పోయే రోడ్డు మీద ఉన్న ఈ ఊరు రైసుమిల్లులకు పేరు. 1963లో పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు నెహ్రూ పునాదిరాయి వేశారు. తర్వాత కాలువ నీళ్లొచ్చాయి, నీళ్లతో వరి, వరితో మిల్లులు. మిల్లు అంటే షాఫ్టులు, పుల్లీలు, బుష్‌లు, బేరింగులు. సీజన్ నడుమ ఏదన్నా విరిగితే, పట్నం నుంచి కొత్తది వచ్చేదాకా మిల్లు ఆపుకుని కూర్చోలేరు. అందుకే మిల్లులున్న చోట లేతు మిషనూ, వెల్డింగు షెడ్డూ వెలుస్తాయి. పైన గోదావరిఖని బొగ్గుబాయిలు, రామగుండం కరెంటు కేంద్రం. ఫిట్టర్లకూ టర్నర్లకూ కొదవలేని ప్రాంతం. మిల్లు షాఫ్టుకు బుష్ తిప్పిన చెయ్యి బండికి తిప్పలేదా?

అప్పటి బండ్లు కూడా అలాంటివే. బుల్లెట్ 1955లో ఇంగ్లండ్ నుంచి మద్రాసుకు వచ్చింది. రాజ్‌దూత్ పోలండ్ డిజైన్. జావా చెకోస్లొవేకియాది, 1961 నుంచి మైసూరులో తయారై, 1973లో యెజ్డీ అయింది. బుల్లెట్ తయారీ ఆగలేదు కాబట్టి దానికి పార్టుల కరువు అంతగా లేదు. యెజ్డీ కథ వేరు. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటినుంచి కాలిపోయిన, గుద్దుకుని నలిగిన, వానలో తుప్పు పట్టిన ప్రతి యెజ్డీ ఇంకో యెజ్డీకి పార్టుల గోదాము అయింది.

అలాంటి తుక్కును లేపడం ఎలాగో కాస్త వివరంగా చూద్దాం, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది. ఫోర్కు వంగితే సరిచేయొచ్చు. ట్యాంకు లోపల తుప్పు పడితే నట్లో, గులకరాళ్లో పోసి గలగలా ఊపి రాలగొట్టొచ్చు. గ్యాస్కెట్ కాగితాన్ని కేసు అంచు మీద పెట్టి, చిన్న సుత్తితో తట్టి కోసుకోవచ్చు. ఇంజను మాత్రం అంత సులువుగా లొంగదు. 250 సీసీ యెజ్డీ సిలిండరు బోరు 65 మిల్లీమీటర్లు. అరిగినప్పుడల్లా పావు మిల్లీమీటరు చొప్పున బోరు పెంచి పెద్ద పిస్టన్ వేస్తారు. ఇక పెంచడానికి ఇనుము మిగలనప్పుడు స్లీవ్ దిగుతుంది. అంటే సిలిండరు లోపల ఇంకో ఇనుప గొట్టం.

ఇది టూస్ట్రోక్ ఇంజను. పెట్రోలు ఆవిరి లోపలికి రావాలన్నా పొగ బయటికి పోవాలన్నా సిలిండరు గోడలోని కిటికీల గుండానే. కొత్త స్లీవ్‌కు ఆ కిటికీలు కోసి, ఆకురాయితో చేత్తో సాపు చెయ్యాలి. ఒక మిల్లీమీటరు అటో ఇటో అయితే పొగ వెళ్లే వేళ మారుతుంది. బండి గుణం మారుతుంది, శబ్దం కూడా. ఒకే కంపెనీ, ఒకే మోడల్ బండ్లు రెండు వేర్వేరు షెడ్లలో రెండు వేర్వేరు బండ్లుగా తేలడానికి ఇదొక కారణం. దీన్ని రిపేరు అని ఊరుకుందామా? నాకు ఇది రాతలాగే అనిపిస్తుంది, సంతకం లేని రాత.

సంతకం ఉన్న మనిషి ఒకరున్నారు. న్యూజీలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్ వాసి బర్ట్ మన్రో. 1920 నాటి ఇండియన్ స్కౌట్ బండికి పిస్టన్లు తనే పోతపోసుకున్నాడు, కనెక్టింగ్ రాడ్లు ట్రాక్టరు యాక్సిల్ నుంచి చెక్కుకున్నాడు. పగిలిపోయిన పార్టులను షెల్ఫు మీద పేర్చి, అవి వేగదేవుడికి నైవేద్యమని రాసుకున్నాడు. 1967లో అమెరికాలోని బాన్‌విల్ ఉప్పు మైదానంలో గంటకు 184 మైళ్ల రికార్డు కొట్టాడు. 2005లో ఆయన మీద సినిమా వచ్చింది. మన షెడ్లలోని పనికీ ఆయన పనికీ మూలసూత్రం ఒకటే: దొరకనిదాన్ని తయారుచేసుకోవడం. తేడా ఏమిటంటే ఆయన వేగం కోసం చేశాడు, మనవాళ్లు పొద్దున పాలక్యాన్లు అందాలని చేశారు. చరిత్రకు మొదటిదే కనబడుతుంది.

ఇప్పుడు చట్టం సంగతి. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి, బండి ఒరిజినల్ రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో, ఇంజనులో చెప్పుకోదగ్గ మార్పులు ఉండకూడదు. కొత్తగా రిజిస్టర్ చేయించడానికి రుసుము 20,000 రూపాయలు. నిబంధన వెనక ఉద్దేశం అర్థమవుతుంది: వారసత్వం పేరు పెట్టుకుని ఎవరుపడితే వారు ఏదిపడితే అది రోడ్డెక్కించకూడదు. కానీ దీని లెక్కలో, ముట్టుకోకుండా బంగళాలో దాచిన బండి వారసత్వం. యాభై ఏళ్లు నడిచి, విరిగి, మిల్లు లేతు మీద తిరిగి మళ్లీ నడిచిన బండి అనుమానాస్పదం. కొనగానే దాచిపెట్టే స్తోమత ఉన్నవాడి బండే ఒరిజినల్‌గా మిగులుతుంది. అవసరానికి వాడుకున్నవాడి బండి మిగలదు.

చట్టాన్ని మార్చడం మన చేతిలో లేకపోవచ్చు. రాసిపెట్టడం మన చేతిలోనే ఉంది. ఆ స్లీవ్ ఎవరు తిప్పారు, బ్రేకు లివరు ఏ తుక్కు బండిది, ట్యాంకు అతుకు ఏ ఏడాదిది? చాలా షెడ్లలో ఈ జవాబులు ఒక మనిషి జ్ఞాపకంలో తప్ప ఇంకెక్కడా లేవు. ఆ మనుషులు ముసలివాళ్లవుతున్నారు. వాళ్ల తర్వాత ఆ బండి పాత ఇనుప సామాను కొట్టుకు పోతుంది. అక్కడ తూకం మాత్రమే వేస్తారు.