సారాయికి ఐర్లాండులో ఒక చుట్టం

ఐర్లాండు అనగానే అందరూ విస్కీ అంటారు. కానీ విస్కీని పీపాల్లో పోసి ఏళ్ళకేళ్ళు నిలవ పెట్టడం అనే అలవాటు కుదరక ముందు, అక్కడి పల్లెల్లో జనం తాగింది చాలా మటుకు తెల్ల సరుకే. దాని పేరు పుచీన్. ఐరిష్ భాషలో 'పొటా' అంటే కుండ, పుచీన్ అంటే చిన్న కుండ. చిన్న బట్టీలో కాచేది కాబట్టి ఆ పేరు వచ్చింది. రంగు ఉండదు, చూడ్డానికి నీళ్ళే. మన సారాయికి దూరపు చుట్టం అనుకోవచ్చు.

మన ఇంటి చరిత్ర రాసుకునే చోట ఈ ఐర్లాండు గొడవ ఎందుకు అని పెద్దవాళ్ళు అడుగుతారు. దానికి జవాబు ఉంది. ముందు కథ చెప్తాను, తర్వాత మన బళ్ళారికి వద్దాం.

1661లో అక్కడి ప్రభుత్వం కాచిన సారాయి మీద పన్ను వేసింది. అంతవరకూ రైతు తన ఇంట్లో మిగిలిన బార్లీని కాచుకోవడం అనేది ఇంటి పనుల్లో ఒకటి. పన్ను వచ్చినాక అదే పని రెండుగా చీలింది. పన్ను కట్టి కాచింది ఒకటి, దాన్ని జనం ఎగతాళిగా 'పార్లమెంటు విస్కీ' అనేవాళ్ళు. పన్ను కట్టకుండా కాచింది పుచీన్. లోపల ఉండే సరుకులో తేడా తక్కువ, కాగితంలోనే తేడా.

అసలు దెబ్బ 1779లో పడింది. ఎంత సరుకు కాచావు అని కాకుండా, నీ బట్టీ ఎంత పెద్దది, అందులో నెలకు ఎన్నిసార్లు కాచి తీరాలి అని ముందే లెక్క కట్టి పన్ను వేసినారు. కాచినా కాచకున్నా కట్టాలి. పెద్ద బట్టీలవాళ్ళు తట్టుకున్నారు, చిన్నవాళ్ళు మూసేసినారు. 1779లో 1,228 ఉన్న లైసెన్సు బట్టీలు 1790 నాటికి 246 అయినాయి. ఇంకో తమాషా ఏమంటే, పన్ను గిట్టుబాటు కావాలని పెద్ద బట్టీలవాళ్ళు హడావిడిగా కాచేవాళ్ళు, దాంతో రుచి చెడిపోయింది. కొండల్లో నిదానంగా కాచిన దొంగ సరుకే మేలు అని జనానికి పేరు కుదిరింది.

మూసేసిన చిన్న బట్టీలన్నీ మాయం కాలేదు, కొండల్లోకి, బురద నేలల్లోకి పోయినాయి. ఉత్తరాన డోనెగల్ ప్రాంతంలో ఇనిషోవెన్ అనే చోటు దీనికి పేరుమోసింది. అక్కడి రైతుకు ఇది సరదా కాదు. రోడ్లు లేని కొండ ఊరు, బార్లీ బస్తాలు సంతకు మోయాలంటే ఖర్చు ఎక్కువ, భూస్వామికి కౌలు మాత్రం డబ్బు రూపంలోనే కట్టాలి. బార్లీని కాస్తే బరువు తగ్గుతుంది, విలువ పెరుగుతుంది. పుచీన్ అమ్మి కౌలు కట్టేవాళ్ళు. బట్టీ దొరికి, అది ఎవరిదో తేలకపోతే ఊరంతటికీ జరిమానా వేసే చట్టం కూడా ఉండింది.

ఈ కథలో నాకు బాగా పట్టుకున్న మనిషి ఏనియస్ కాఫీ. ఆయన ఎక్సైజ్ అధికారి. 1810లో డోనెగల్ లో బట్టీలు పట్టడానికి పోతే జనం ఆయన్ని తీవ్రంగా గాయపరిచినారు. బతికి బయటపడి, ఉద్యోగం మానేసినాక, ఆగకుండా నిరంతరంగా సారాయి కాచే స్తంభం బట్టీకి 1830లో పేటెంట్ తీసుకున్నాడు. జీవితమంతా బట్టీలు పగలగొట్టినవాడి పేరు ఈరోజుకీ ఒక బట్టీ మీదే ఉంది! ఐర్లాండు కంపెనీలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, స్కాట్లండువాళ్ళు పట్టుకుని ముందుకు పోయినారు.

తాగుడు వల్ల నాశనమైన ఇళ్ళు అక్కడా తక్కువ లేవు. 1838లో కార్క్ పట్నంలో ఫాదర్ థియోబాల్డ్ మాథ్యూ అనే పాదిరి మద్యపానం మానేసే ప్రమాణం చేయించడం మొదలుపెడితే, లక్షల మంది ప్రమాణం చేసినారు. పుచీన్ కథ రాసేవాళ్ళు ఈ ముక్క దాటేస్తారు, దాటేయకూడదు.

1915లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, లండన్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. పచ్చి సారాయి తాగి ఫ్యాక్టరీ కార్మికులు పాడవుతున్నారు అని, నిలవ పెట్టని సరుకు అమ్మకాన్ని కట్టడి చేసింది. మొదట రెండేళ్ళు, తర్వాత మూడేళ్ళు. ఈరోజు ఐరిష్ విస్కీకి కనీసం 3 ఏళ్ళు చెక్క పీపాలో ఉండాలి అనే నియమానికి మూలం అదే. మనం సంప్రదాయం అనుకునేది కొన్నిసార్లు యుద్ధకాలం నాటి చట్టం.

పుచీన్ దేశంలోపల చట్టబద్ధంగా అమ్ముడయింది 1997లో. 2008లో యూరోపియన్ యూనియన్ దానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది, అంటే ఐర్లాండులో చేసిందే ఆ పేరుతో అమ్మాలి. లైసెన్సు లేకుండా ఇంట్లో కాస్తే ఇప్పటికీ నేరమే.

కంపెనీ పని మీద పోయినేడు డబ్లిన్ లో మూడు నెలలు ఉన్నాను. అక్కడి సహోద్యోగులతో ఒక శనివారం పుచీన్, వెర్ముత్, క్రీమ్ లికర్ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని రుచి చూసినాము. ఒక్కోటి రెండు చెంచాలు, మధ్యలో నీళ్ళు.

క్రీమ్ లికర్ అంటే విస్కీ, మీగడ, చక్కెర. బెయిలీస్ అనే పేరుతో 1974లో డబ్లిన్ నుంచే మార్కెట్లోకి వచ్చిన రకం. నోట్లో పెడితే చాక్లెట్ పాలు, లోపలి సారాయి మంచిదా చెడ్డదా చెప్పలేము. వెర్ముత్ ఇంకో దారి. అది ద్రాక్ష సారాలో మూలికలు వేసి చేసేది, ఇటలీలోని టురిన్ లో 1786లో కార్పానో అనే ఆయన చేసిన రకంతో పేరు పొందింది. జర్మన్ లో ఆ పేరుకు మూలం ఒక చేదు మొక్క. ఆ మొక్క మన మాచిపత్రి కులానిదే, వినాయక చవితికి పత్రిలో పెట్టుకుంటామే, అదే జాతి. వాసన చూడగానే నాకు చవితి పూజ పీట గుర్తొచ్చింది. పక్కనున్న ఐరిష్ అమ్మాయికి ఇది చెప్తే నమ్మలేదు, ఫోన్లో ఫోటోలు చూపించాల్సి వచ్చింది.

పుచీన్ కి తీపి లేదు, మూలికలు లేవు, పీపా రంగు లేదు. కొన్ని చుక్కలు నీళ్ళు కలిపితే పచ్చి ఆపిల్, తడిసిన గడ్డి, ఉడికిన జావ వాసన, చివర్లో మిరియం ఘాటు. ఏ ధాన్యం, ఏ ఊట, ఎలా కాచినారు అన్నీ బయటపడతాయి. నా టెస్టింగ్ భాషలో చెప్పాలంటే డిజైన్ పూత వేయని బిల్డ్. తప్పు ఉంటే దాచుకోవడానికి చోటు లేదు.

ఇక మన బళ్ళారి. 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసేదాకా మన జిల్లా మద్రాసు కింద ఉండింది. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం మనకూ వర్తించింది. ఊళ్ళో కాచుకోవడం నేరం, అమ్మే హక్కు వేలంలో పాడుకున్నవాడిది. ఐర్లాండులో జరిగిందే ఇక్కడా జరిగింది. మా ముత్తాత ఆ వేలంలో అంగడి పాడుకున్న మనిషి. వేలం దక్కిన రోజు ఇంట్లో పాయసం చేసేవాళ్ళని, కూలి రోజుల్లో అంగడి వెనక సందులో ఆడవాళ్ళు మొగుళ్ళ కోసం నిలబడి ఉండేవాళ్ళని మా అవ్వ చెప్పేది. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది. మా అంగడి ఆ నిషేధంతోనే మూతపడింది. వంశవృక్షంలో ఆయన పేరు ఎదురుగా 'కిరాణా వ్యాపారం' అని ఉంది. అది ఆ తర్వాతి సంగతి.

పుచీన్ కి దొరికిన గౌరవం సారాయికి ఎందుకు దొరకలేదు? నాకు తోచింది ఇది. మనం సారాయి అనే ఒకే మాట కింద రెండు వేరే వస్తువులను పెట్టేసినాము. బెల్లం, తుమ్మచెక్క ఊటతో ఊరివాళ్ళు కాచుకున్నది ఒకటి. ప్రభుత్వం వేలం వేసి కాంట్రాక్టరుతో అమ్మించినది ఇంకోటి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు తిరగబడింది ఆ రెండోదాని మీద, 'వారుణి వాహిని' పేరుతో ఊరూరా చేరిన ప్యాకెట్ల మీద. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ లో సారా నిషేధం వచ్చింది. మన కర్ణాటకలో 2007 జులై 1న వచ్చింది. 1981లో బెంగళూరులో మీథైల్ ఆల్కహాల్ కలిసిన సారాయి తాగి 300 మందికి పైగా చనిపోయినారు. ఆ కోపం న్యాయమైనది. కానీ ఆ కోపంలో మొదటిదాని చరిత్ర కూడా రాయకుండానే పోయింది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఐర్లాండు కథ చదివితే కొండల్లో దాక్కుని కాచే రైతు వైపు మనసు పోతుంది. మన ముత్తాత ఆ వైపు మనిషి కాదు. ఆయనది పార్లమెంటు విస్కీ వైపు. పెద్దనాయన అంటాడు, అది రాయడం దేనికిరా, పరువు పోతుంది అని. నా మాట వేరే. గొప్ప చెప్పుకోవాల్సిన పని లేదు, సిగ్గుపడి దాచాల్సిన పని లేదు. ఆ సందులో నిలబడ్డ ఆడవాళ్ళు చరిత్రలో ఉండాలంటే అంగడి కూడా ఉండాలి. వంశవృక్షంలో ఆ పేరు ఎదురుగా 'సారాయి అంగడి, తర్వాత కిరాణా' అని దిద్దుదాం.

మీ ఇళ్ళల్లో పాత లైసెన్సు కాగితాలు, వేలం రసీదులు, లేదా అవ్వలు చెప్పిన ఊట లెక్కలు ఉంటే ఫోటో తీసి పంపండి. ఆదోని, హొసపేట వైపు మనవాళ్ళ దగ్గర ఇంకా ఉంటాయని నా నమ్మకం.