తిమ్మిర్లతో బయటపడిన జబ్బు

ముందు ఎద్దులు పడిపోయాయి. 1930ల్లో కాడికి కట్టిన ఎద్దులు కీళ్లు బిగిసి అడుగు వేయలేకపోతున్నాయని మొదట గమనించింది రైతులేనని చెబుతారు. తర్వాత మనుషుల వంతు. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి, అంటే తాగే నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బు గురించి, ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. ఈ జబ్బున్న కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరువే. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాకే ఇవన్నీ ఒకచోట చేరాయి.

ఆనాటి వైద్యుల వర్ణనలో ఒక వివరం దగ్గర నేను ఆగిపోతాను. చిన్నప్పుడే పళ్లు గారపడతాయి, అది అందరికీ కనిపించేదే. ముప్పై ఏళ్ల ప్రాయంలో మాత్రం ముందుగా వచ్చేది కాళ్లూ చేతుల్లో జివజివలాడే తిమ్మిరి. ఆ తర్వాతే నడుము పట్టేయడం, మెడ తిరగకపోవడం, చివరికి కాళ్లు చచ్చుబడటం.

ఆ తిమ్మిరి ఎందుకో తెలియాలంటే ముందు నరం ఎలా పనిచేస్తుందో చూడాలి. నరకణం లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. కణం ఊరికే ఉన్నప్పుడు దాని లోపలివైపు సుమారు 70 మిల్లీవోల్టుల రుణావేశం ఉంటుంది. ప్రేరణ చాలినంత అందితే పొరలోని సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి, మిల్లీసెకను లోపే అక్కడ ఆవేశం తారుమారవుతుంది. అది పక్క భాగాన్ని లేపుతుంది, ఆ భాగం దాని పక్కదాన్ని. మయలిన్ తొడుగున్న నరాల్లో ఈ సంకేతం సెకనుకు 100 మీటర్ల వేగం దాకా అందుకోగలదు. శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్రజీవి నరంలోకి ఎలక్ట్రోడు దించి దీన్ని నమోదు చేసింది 1939లో, లెక్క కట్టి వివరించింది 1952లో. నెల్లూరు పల్లెల్లో రైతులు డాక్టర్లకు తిమ్మిర్ల గురించి చెప్పేనాటికి ఆ వివరణ ఇంకా పుట్టనే లేదు.

రాతిపొరల్లోంచి నీటిలో కలిసిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకలో పేరుకుంటుంది. వెన్నుపూసలు లావెక్కుతాయి, వాటిని పట్టి ఉంచే సంధిబంధనాలూ ఎముకగా మారతాయి. వెన్నుపాము ఉండే దారి ఇరుకైపోతుంది. నొక్కుడు పడిన నరం ఏమీ తాకకుండానే సంకేతాలు పుట్టిస్తుంది, తిమ్మిరి అదే. మయలిన్ చెడితే మెదడు పంపిన ఆజ్ఞ కాలిని చేరకముందే మధ్యలో ఆగిపోతుంది. ఆపరేషన్‌తో ఆ ఒత్తిడి తగ్గించవచ్చు గానీ, ఒళ్లంతా పేరుకున్న ఫ్లోరైడ్‌ను తీసేసే మందు లేదు. అందుకే ఈ జబ్బుకు అసలు వైద్యం నీళ్లు మార్చడమే.

శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద సొరంగాలు తవ్వి ఈ ప్రాంతానికి కృష్ణా నీళ్లు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. షార్ట్ బృందం వ్యాసం అచ్చయిన 59 ఏళ్లకు.